నున్నటి చేతి కన్నెస్వామి

ఆ రోజుల్లో మా ఊళ్లో కుర్రాళ్లందరికీ ఫోన్లోంచి ఏదో ఒక జబ్బు అంటుకునేది. డిప్లొమా అయిపోయి, ఉద్యోగం రాక, ఇంటిపట్టున ఉన్నవాడి చేతిలో ఫోనుంటే ఇంక చెప్పాలా? మా పెదనాన్నగారబ్బాయి ఏదో వీడియో చూసి మేడ మీద పుట్టగొడుగులు పెంచాడు (అవి మొలవలేదు గానీ మేడ కారడం మొదలెట్టింది). నాకు అంటుకున్నది పదును జబ్బు. గడ్డం దొర ఒకాయన, ఏ దేశంవాడో తెలియదు, పెదవి విప్పకుండా, చెక్కకి అంటించిన తోలుపట్టీ మీద ఆకుపచ్చటి మందు రాసి, దాని మీద కత్తిని మెల్లగా వెనక్కి లాగుతూ ఉండేవాడు. రాయి మీద ఎంత నూరినా అంచున కంటికి కనపడని గరుకు మిగిలిపోతుందనీ, తోలు దాన్ని తుడిచేస్తుందనీ కింద అక్షరాలు వచ్చేవి. చివర్లో అదే కత్తితో తన ముంజేతి మీద వెంట్రుకలు గీసి, ఉఫ్ అని ఊదేవాడు. చెయ్యి అరటిదూటలా మెరిసేది. అది చూస్తే నా ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో! లోకంలో ఇంతమంది మొద్దుకత్తులతో బతుకులు ఈడుస్తున్నారే అని జాలిపడుతూ నిద్రపోయేవాణ్ని.

సరిగ్గా ఆ ఏడే నాకు అయ్యప్ప మాల వేశారు. చిన్నప్పుడెప్పుడో నాకు జ్వరం తగిలి కన్ను తెరవకపోతే, బతికి బట్టకడితే కొండకి పంపిస్తానని అమ్మ మొక్కుకుందట. ఆ తరవాత ఏటా ఏదో ఒక అడ్డం. ఒక ఏడు పరీక్షలు, ఒక ఏడు పురుడు మైల, ఇంకో ఏడు తుఫాను. కార్తీకం వచ్చిందంటే చాలు, అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. బాకీపడ్డ దేవుడు వచ్చి నన్ను తీసుకుపోతాడేమోనని ఆవిడ భయం. అందుకే ఆ ఏడు నా మెడలో మాల పడగానే అమ్మ మొహం చూడాలి! మాల వేసింది మా ఊరి గురుస్వామి. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. భజన మొదలవ్వాలన్నా, హారతి ముగియాలన్నా ఆయన నోట్లోంచి 'రైట్' అన్న మాట రావాల్సిందే. మండలం పాటు, అంటే నలభై ఒక్క రోజులు, జోళ్లు లేవు, నీచు లేదు, గడ్డం, జుట్టు ముట్టుకోకూడదు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, మాల వేసుకున్నవాణ్ని కన్నతల్లి కూడా స్వామీ అనే పిలవాలి. వాడు తల్లిని మాతా అనాలి. నేను పుట్టిన దగ్గర్నించీ 'ఒరే'తో పొద్దు మొదలెట్టే మా అమ్మకి ఇది ఎంత కష్టమో నాకే తెలుసు. నేను తడికాళ్లతో గదిలోకొస్తే ఆవిడ పళ్లు బిగబట్టి, "స్వామీ... కాళ్లు తుడుసుకో స్వామీ" అని, మిగతాది మింగేసేది. మింగినప్పుడు గొంతు కదలడం కూడా కనపడేది.

తెల్లారకుండా చన్నీళ్ల స్నానం, పూజ. ఆ తరవాత సాయంత్రం దాకా ఏం చెయ్యాలి? సినిమా కూడదు, పేకాట కూడదు. మా రామాలయం పక్కన వేసిన పందిరే పీఠం. స్వాములందరికీ మధ్యాహ్నం భిక్ష అక్కడే. కూరలు తరగడం కన్నెస్వాముల పని, అంటే మొదటిసారి మాల వేసుకున్న మాబోటివాళ్ల పని. అక్కడి కత్తితో గుమ్మడికాయ కొయ్యాలంటే ముందు కత్తిని దించి, మీద ఇంకో స్వామి కూర్చోవాలి. దొర నా కళ్లముందు కదిలాడు. పీఠాన్ని ఉద్ధరించే పని నాదే అనుకున్నాను. ఆకుపచ్చ మందు ఆన్‌లైన్లో తెప్పించాను. చిక్కల్లా తోలు దగ్గర వచ్చింది. మా ఇంట్లో బెల్టులన్నీ తీసి గీకి చూస్తే ఒక్కటీ తోలు కాదు, అన్నీ రెక్సిను. నాన్న పెళ్లి బెల్టయితే పొట్టు రాలిపోయింది. ఇంట్లో అసలైన తోలంటూ ఉన్నది నాన్న విడిచేసిన పాత జోళ్లు మాత్రమే. దీక్షలో జోళ్లు తొడగకూడదన్నారు గానీ కొయ్యకూడదని ఎవరూ అనలేదు కదా అని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను. కుంకుడురసంతో కడిగి, పసుపునీళ్లు చల్లి, పట్టీగా కోసి చెక్కకి అంటించి, దానికి బొట్టు కూడా పెట్టాను (నా భక్తికి లోటేం లేదు).

పదును వచ్చింది. వచ్చిందని తెలిసేదెలా? దొర చూపించినట్టే, ఎడమ ముంజేతి మీద. వెంట్రుకలు గాల్లో తేలిపోతుంటే నాకు వొళ్లు పులకరించింది. ఒక కత్తికి ఒక చదరం చొప్పున, కోసిన వరిమడిలా నున్నటి చదరాలు పడ్డాయి. అది గడ్డం కాదు గనక దీక్షకీ దానికీ ముడిపెట్టాలని నా బుర్రకి తోచనే లేదు. పీఠంలో గుమ్మడికాయ ముక్కలు, కంద ముక్కలు అచ్చు పోసినట్టు రావడం మొదలయ్యాయి. దప్పళం రుచే మారిపోయిందని గురుస్వామి మళ్లీ మళ్లీ వడ్డించుకున్నాడు. వడ్రంగం చేసే మా బావ, ఆయన కూడా మాలలోనే ఉన్నాడు, ఉలులూ చిత్రిక బ్లేడూ పట్టుకొచ్చాడు. చిత్రికకి పదును పెట్టి ఇచ్చాక రెండు రోజులు కనపడలేదు. వచ్చి ఏమన్నాడంటే, "స్వామీ, పొర ఉల్లిపొట్టులాగ లేస్తన్నాది. ఆపబుద్ధి కాలేదు. నున్నగా ఉన్నాదని పట్టుకుంటా పోయాను. ఇప్పుడా తలుపు గుమ్మానికి అందట్లేదు" అన్నాడు. ఆ ఇంటివాళ్లు గుమ్మానికి దుప్పటి కట్టుకున్నారట. ఆ తరవాత మా ఇంటి ముందు కత్తిపీటలూ కొడవళ్లూ బారులు తీరాయి. ఎడమ చెయ్యి చాలక పిక్కల మీదకి దిగాను. ఇంట్లో అమ్మ కూరగాయల కత్తికి కూడా మోక్షం ఇచ్చాను. ఆ పూటే ఆవిడ వేలు తెగింది. వేలు నోట్లో పెట్టుకుని నా వంక చూసిన చూపుకి ఆకుకూర వాడిపోవాలి. కానీ నోటితో అన్నది మాత్రం, "స్వామియే శరణం".

స్వామి పద్దెనిమిది మెట్లకి చేసే పడిపూజ రోజున బండారం బయటపడింది. అభిషేకానికి కన్నెస్వాములందరం చొక్కాలు విప్పి, పంచె ఎగ్గట్టి నిలబడాలి. పాలచెంబు అందుకోవడానికి నేను చెయ్యి చాచాను. గురుస్వామి చెంబు ఇవ్వకుండా చెయ్యి పట్టుకున్నాడు.

"స్వామీ, ఇదేటి?"

"పరీక్ష స్వామీ."

"ఏటి పరీక్ష?"

"పదును పరీక్ష. గడ్డం ముట్టుకోలేదు, సూడండి."

"కాళ్లు?"

నేను పంచె కిందకి దించేశాను. పాపం మా బావ నన్ను కాపాడదామని ముందుకొచ్చాడు. "స్వామీ, ఆ తోలు మహిమ అలాటిది. మా మావ జోళ్లయి. ఇప్పుడలాటి తోలు ఎక్కడ దొరుకుతాది?" అన్నాడు.

భజన ఆగిపోయింది. డోలు వాయించే స్వామి చేతులు గాల్లో ఉండిపోయాయి. ఆడవాళ్లలో నిలబడ్డ అమ్మ మొహంలో నెత్తురు లేదు. నాకు అప్పుడు, అప్పటికి, బుర్ర పనిచేసింది. మాల తీసెయ్యమంటే అమ్మ మొక్కు ఈ ఏడూ చెల్లదు. మైల అనో, తుఫాననో చెప్పుకోవడానికి కూడా లేదు. కొడుకు చేతులారా చెడగొట్టాడని చెప్పుకోవాలి.

"దీచ్చ పోయినట్టే" అన్నాడు గురుస్వామి బరువుగా. అప్పుడు వెనకనించి ఒక స్వామి, "అయితే మరి, ఆ కత్తితో కోసిన కూరలు మనమందరం తిన్నాం కదా? మనయీ పోయినట్టేనా?" అన్నాడు. అందరూ గురుస్వామి వైపు తిరిగారు. దప్పళం ఎవరెక్కువ తిన్నారో అందరికీ తెలుసు. బస్సు మాట్లాడేశారు, అడ్వాన్సు ఇచ్చేశారు. బస్సు బస్సంతా అపవిత్రమైపోయిందన్న సంగతి మెల్లమెల్లగా అందరికీ తలకెక్కింది. గురుస్వామి తువ్వాలుతో మొహం తుడుచుకుని, డోలు వైపు చూశాడు. "డోలుకున్నది ఏటి? తోలే కదా. దాన్ని స్వామి ఎదర వాయిస్తన్నాం కదా. మరి జోడంటే ఏటి? కాలు దూరితే జోడు. కోసీసినాక కాలు దూరదు. కాలు దూరనిది జోడు కాదు" అన్నాడు. ఇంత గొప్ప ధర్మశాస్త్రం మా పందిట్లో అంతకుముందు ఎప్పుడూ పుట్టలేదు. స్వాములంతా శరణుఘోష చేశారు.

"అయితే వెంట్రుకల లెక్క వేరు" అన్నాడు ఆయన, నేను ఊపిరి పీల్చుకునే లోపు. "అది ఇతనొక్కడిదే. బయల్దేరే రోజుకి మొలిస్తే ఇరుముడి కడతాను. మొలవకపోతే బస్సెక్కనివ్వను."

ఆ తరవాత రోజులు నా ముంజేతివి, నావి కావు. అమ్మ పొద్దున్నా సాయంత్రం ఆముదం కాచి పట్టించేది. వీధిలో వాళ్లు ఒకరు గుంటగలగర అన్నారు, ఒకరు మందారాకు అన్నారు, అన్నీ నూరి పూసింది. గురుస్వామి రోజూ పందిట్లో కళ్లజోడు పెట్టుకుని, టిక్కెట్టు చెక్ చేసినట్టు నా చెయ్యి తిప్పి చూసి, పెదవి విరిచి పంపేసేవాడు. నేను నిద్దట్లో కూడా చెయ్యి తడుముకునేవాణ్ని. వయసులో ఉన్నవాడు మీసం కోసం తపిస్తాడు గానీ, మోచేతి కింద నూగు కోసం దేవుణ్ని ఏడ్చి అడిగినవాణ్ని నేనొక్కణ్నేనేమో!

బయల్దేరే రోజు రానే వచ్చింది. బస్సు రోడ్డు మీద హారన్ కొడుతోంది. గురుస్వామి దీపం దగ్గరికి నా చెయ్యి లాగి చూశాడు, కనపడలేదు. కళ్లజోడు తీసి తుడిచి చూశాడు, కనపడలేదు. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఒకసారి ఆవిడ వంక చూసి, అరచెయ్యి ఎదురుగా పెట్టి నా చేతి మీద కిందనించి పైకి నిమిరాడు. ఆగాడు. "గరుకుగా ఉన్నాది. రైట్" అన్నాడు. నిజంగా గరుకు తగిలిందో, అమ్మ మొహమే తగిలిందో ఆయనకే తెలియాలి. ఇరుముడిలో అమ్మ గుప్పెడు బియ్యం పోసి, వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టింది. చదరాలు చదరాలుగా ఉన్న ఆ పిక్కలకి! వెనక్కి జరగబోతే, "కదలకండి స్వామీ" అంది ఏడుస్తూ.

కొండకి వెళ్లొచ్చాను. మాల తియ్యాల్సింది తల్లే. వాకిట్లో కొబ్బరికాయ కొట్టి, నా మెడలోంచి మాల తీసి, కళ్లకద్దుకుని, అమ్మ లోపలికి వెళ్లి దేవుడి దగ్గర పెట్టింది. తిరిగొచ్చి, కొంగు బొడ్లో దోపింది.

"ఒరే!" అంది. "ఎదవకాన! జోళ్లు కోస్తావేటి? సేతులు గొరుక్కుంటావేటి? నీకు బుద్ధుందేటిరా? నా ప్రాణాలు తోడీసినావు కదరా!"

మండలం పాటు మింగినవన్నీ ఒక్కటీ వదలకుండా వరసగా బయటికొచ్చాయి. నేను వాకిట్లో నిలబడి వింటున్నాను. నోరు చెవులదాకా సాగిపోయి నవ్వుతున్నానట, ఎదురింటివాళ్లు ఇప్పటికీ చెప్పి వెక్కిరిస్తారు. ఆ నున్నచేతి కుర్రాణ్ని తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. తిట్లు తింటూ నవ్వుతాడేంటి వెర్రివెధవ అని ఊరంతా అనుకుంది గానీ, అన్ని రోజుల తరవాత వాడికి అమ్మ మళ్లీ దొరికింది మరి.