యెహెజ్కేలు అంకుల్ బ్యాగు పరీక్ష

యెహెజ్కేలు అంకుల్ మనిషి ఎదురైతే ముందు మొహం చూడరు, వీపు చూస్తారు. వీపు మీద బ్యాగు కనబడిందా, ఇక ఆ మనిషికి మొహం ఉన్నా లేనట్టే. జిప్పు లాగుతారు, పట్టీ గుంజుతారు, కుట్లు లెక్కపెడతారు. అన్నీ అయ్యాక తలెత్తి, "బాగున్నారా?" అంటారు. అడిగింది మనిషినో బ్యాగునో పాపటోయిటోయి పేట తెలుగువాళ్ళలో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

పందొమ్మిదేళ్ళుగా ఆయన ఎయిర్‌పోర్టులో సామాను ఎక్కించి దించుతున్నారు. ఏ పెట్టె ఎక్కడ పగులుతుందో, ఏ పట్టీ ఎక్కడ తెగుతుందో ఆ చేతులకి తెలుసు. తెగినవి విప్పి చూసి, విప్పినవి మళ్ళీ కుట్టి, ఎవరూ నేర్పకుండానే పని నేర్చుకున్నారు. ఇంటి గరాజ్‌లో పెద్ద కుట్టుమిషను ఉంటుంది. కారు బయట వానలో ఉంటుంది.

ఒకసారి ఇండియా నుంచి వచ్చిన పాస్టరుగారు ప్రార్థన చేయిస్తుంటే, అందరూ కళ్ళు మూసుకున్న అదను చూసి, అంకుల్ ఆయన బ్యాగు తిరగేసి లోపలి కుట్టు చూశారట. ఆమెన్ అనగానే చెవిలో చెప్పారట: "అయ్యగారూ, క్రీస్తు రెండో రాకడ దాకా ఈ పట్టీ ఆగదండీ." పార్కింగ్ దాకా కూడా ఆగలేదు.

అలాంటి మనిషి పక్కింట్లో ఉండగా, ఒక సోమవారం బస్టాపులో నిరుపమ బ్యాగు పట్టీ తెగింది.

నిరుపమ నంద్యాల నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. పగలు వేర్‌హౌస్‌లో పని, మిగతా సమయమంతా కెమెరా. శుక్రవారం పొద్దున్నే క్రైస్ట్‌చర్చ్ విమానం ఎక్కాలి. శనివారం అక్కడి రిక్కార్టన్ పేటలో నోయెల్ అనే అబ్బాయి పెళ్ళి. ఫొటోలు తియ్యడానికి ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి పెళ్ళి అదే. రెండోది ఇంకా లేదు. "దీని తర్వాత ఇంకో పని రాకపోతే కెమెరా అమ్మేసి ఫుల్‌టైమ్ షిఫ్టులు తీసుకుంటా ఆంటీ" అని మొన్నే కంచె మీదుగా ప్రేమజ్యోతి ఆంటీతో అంది. ఆంటీ అంకుల్ భార్య, వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు.

"ఆన్‌లైన్‌లో ఒక బ్యాగు చూశానంకుల్" అంది నిరుపమ, తెగిన పట్టీ చేతిలో పట్టుకుని. "కెమెరా, రెండు లెన్సులు, ల్యాప్‌టాప్ అన్నీ పడతాయంట. రివ్యూలు కూడా బ్రహ్మాండం."

"రివ్యూలు మోస్తాయా బరువు? రేపు సాయంత్రం షాపుకి పోదాం. సామాను నేను తెస్తా."

ఏం సామానో ఆమెకి షాపులో అర్థమైంది. అంకుల్ సంచిలోంచి కూరగాయలు తరిగే చెక్క తీశారు.

"ఇదేంటంకుల్?"

"ల్యాప్‌టాప్."

తర్వాత తువ్వాలు చుట్టిన రెండు చిలగడదుంపలు తీశారు.

"లెన్సులు" అన్నారు, ఆమె అడక్కముందే. "ఈ పప్పు డబ్బా కెమెరా. అన్నీ కాటా మీద తూచే తెచ్చా. పగిలితే కూర వండుకుంటాం. నీవి పగిలితే ఏం వండుకుంటావు?"

షాపులో పనిచేసే శశిధర్‌ది కరీంనగర్. అంకుల్‌ని చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"మళ్ళొచ్చిన్రా అంకుల్! పోయినసారి మీరు చింపిన బ్యాగుకి నేనింకా మేనేజర్‌కి జవాబు చెప్తనే ఉన్న!"

"నేను చింపలేదయ్యా. అది చిరగడానికి రెడీగా ఉంటే వెళ్ళి పలకరించాను, అంతే."

మొదటి బ్యాగులో సామానంతా సర్ది, మోకాలెత్తు నుంచి నేల మీదికి వదిలారు. టక్‌మని చెక్క మోగింది.

"విన్నావా? ల్యాప్‌టాప్ పెట్టే అర బ్యాగు అడుగు దాకా వచ్చేసింది. రెండు వేళ్ళ ఎత్తులో ఆగాలి. లేకపోతే దించిన ప్రతిసారీ నీ ల్యాప్‌టాప్ నేలకి దణ్ణం పెడుతుంది."

రెండోదానికి జిప్పు బయటివైపు ఉంది. "లైన్లో వెనక నిలబడ్డవాడికి నీకంటే ముందు కెమెరా అందుతుంది." మూడోది ఖాళీగానే రెండు కిలోలు తూగింది. "విమానంలో నీతో ఉంచుకోనిచ్చేది ఏడు కిలోలు. రెండు ఇదే తినేస్తే కెమెరా మెళ్ళో వేసుకుని కూర్చుంటావా?" నాలుగోది పట్టీ దగ్గర గుంజగానే పట్‌మంది. శశిధర్ కళ్ళు మూసుకున్నాడు.

ఐదోదాన్ని నిరుపమ తనే ఎత్తుకొచ్చింది. "రంగు ఎంత బాగుందో చూడండి అంకుల్!"

"నీ వీపుకి రంగు కనబడదమ్మాయ్."

ఆరోదాన్ని వదిలితే చప్పుడు రాలేదు. జిప్పు వీపుకి ఆనే వైపు ఉంది. నడుముకి కట్టుకునే వెడల్పాటి పట్టీ బరువునంతా భుజాల మీంచి దించేసింది. అంకుల్ కుట్ల మీద గోటితో గీశారు. ఒక నిమిషం గడిచింది. నిరుపమ ఆయన గోటినే చూస్తోంది, ఏదో పరీక్షలో రిజల్ట్ తనకే వస్తున్నట్టు.

"చూద్దాం" అన్నారు అంకుల్.

"చూద్దాం అన్నడు!" శశిధర్ ఎగిరినంత పని చేశాడు. "ఏడాదిల ఫస్ట్ టైమ్ అన్నడు అక్కా! తీస్కో, జల్ది తీస్కో!"

"తీసుకో, ట్యాగు మాత్రం కత్తిరించకు. ఇంకా రోడ్డు పరీక్ష ఉంది."

రోడ్డు పరీక్ష అసలు సామానుతో. బుధవారం సాయంత్రం బ్యాగు తగిలించి ఆమెని ఇల్లిల్లూ నడిపించారు. ప్రతి ఇంట్లో నియమం ఒకటే: ఆయన పది లెక్కపెట్టేలోపు బ్యాగు దించి, కెమెరా తీసి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ ఫొటో తియ్యాలి.

బెట్సీ ఆంటీ ఇంట్లో ఎదురుగా ఆవిడ అత్తగారు ఉన్నారు. "నాకు ఫొటోలు వద్దు" అన్నారు ముసలావిడ మొహం తిప్పుకుని.

"ఇది ఫొటో కాదమ్మగారూ, జిప్పు పరీక్ష. మీరు నవ్వకండి, నవ్వితే నా లెక్క తప్పుతుంది. ఒకటి... రెండు... నాలుగు..."

ముసలావిడ పకపకా నవ్వారు. క్లిక్.

"ఏడు!" అన్నారు అంకుల్. "ఏదీ, పడిందో లేదో చూపించు."

బెట్సీ ఆంటీ కెమెరాలోకి తొంగి చూసి నోరు తెరిచింది. "మా అత్తగారికి ఇన్ని పళ్ళున్నాయా! జెన్సీ, ఇలా రావే, నానమ్మని చూడు!"

గురువారం నిరుపమ వేర్‌హౌస్ నుంచి వచ్చేసరికి అంకుల్ కారు స్టార్ట్ చేసి ఉంది.

"ఎక్కు, హాబ్సన్‌విల్ పోదాం" అన్నారు. ఊరికి ఆ చివర ఉన్న పేట అది.

"ఈ ట్రాఫిక్‌లో అంత దూరమా? ఎందుకు?"

"మెట్లు కావాలి. మన వీధిలో అన్నీ ఒక్కంతస్తు ఇళ్ళే. అక్కడ మా సత్యనారాయణ ఇల్లు మూడంతస్తులు."

దారిలో ఆంటీ ఫోన్ చేసింది. "ఏమండీ, ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టారు? ఉల్లిపాయలు తరగాలి."

"డిక్కీలో ఉంది. కత్తెరతో కానిచ్చెయ్."

సత్యనారాయణగారూ, ఆయన భార్య వేదవతీ ఐటీ ఉద్యోగస్తులు. తమ మెట్లకి ఇంత పేరుందని వాళ్ళకి తెలీదు. నిరుపమ బ్యాగుతో మూడుసార్లు ఎక్కి దిగింది. మూడోసారి పై గదిలో వాళ్ళమ్మాయి అద్దం ముందు నిలబడి కొత్త లంగా ఓణీ సర్దుకుంటోంది. కిందనుంచి అంకుల్ అరిచారు: "ఒకటి! రెండు!" కిటికీలోంచి ఎండ ఆ పిల్ల భుజం మీద పడుతోంది. నిరుపమ అలసట మర్చిపోయింది. క్లిక్.

"మామ్!" అంటూ పిల్ల కెమెరా పట్టుకుని కిందికి పరిగెత్తింది.

రెండ్రోజుల్లో ఏడిళ్ళు, పదకొండు టీలు. తిరిగొచ్చేసరికి ఎనిమిదైంది, ఇక్కడి వేసవి కదా, ఎండ ఇంకా పోలేదు, నిరుపమ ఓపిక మాత్రం పోయింది.

"అంకుల్, రేపు ఆరింటికి ఫ్లైట్! ఇంకా ఏమీ సర్దుకోలేదు. బ్యాగు పాసా, ఫెయిలా? ఒక్క మాట చెప్పండి!"

"ఉండు, కత్తెర తెస్తా" అంటూ ఆయన గబగబా గరాజ్‌లోకి వెళ్ళిపోయారు.

"కత్తెర ఉల్లిపాయల్లో ఉంది" అంది ప్రేమజ్యోతి ఆంటీ, ఆయన వెళ్ళాక. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ బ్యాగు మంగళవారమే పాసైందమ్మా. ఇంటికి రాగానే చెప్పారు, మంచిది దొరికిందని."

"మరి ఈ ఇళ్ళన్నీ ఎందుకాంటీ?"

"కెమెరా అమ్మేస్తానన్నావుగా. ఆ మాట నేను ఈయన చెవిన వేశా. నలుగురికీ చెప్పండి, పిల్ల బాగా తీస్తుందని అన్నాను. ఆయనకి అలా పొగిడి చెప్పడం చచ్చినా రాదు. చెప్తే ఎవరు నమ్ముతారే, పని చూపించాలి గానీ అన్నారు. నెల తిరక్కుండా ఎవరెవరింట్లో ఏ ఫంక్షన్ ఉందో నన్నడిగి లిస్టు రాసుకున్నారు. మెట్ల పరీక్షా లేదు, పాడూ లేదు."

నిరుపమ గరాజ్ వైపు తిరిగింది. ఈలోగా ఫోన్ మోగింది. బెట్సీ ఆంటీ మెసేజ్: పై నెల పద్నాలుగు శనివారం అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు, నువ్వే రావాలి. "వస్తానాంటీ!" అని వెంటనే టైప్ చేసింది. పంపిందో లేదో, వేదవతిగారి ఫోను.

"నిరుపమా, మా పిల్ల ఆ ఫొటో వదలట్లేదమ్మా. పద్నాలుగున ఓణీల ఫంక్షన్, నువ్వు తప్ప ఇంకెవరూ వద్దంటోంది."

"అయ్యో ఆంటీ, పద్నాలుగు ఇప్పుడే ఒప్పుకున్నాను..."

అటువైపు కాసేపు గుసగుసలు. తర్వాత వేదవతిగారు, "సరే, పంతులుగారినడిగి పదిహేను, ఆదివారానికి మార్పిస్తాం. ఆయన ముహూర్తం ఇంకోటి చూడగలరు, మా అమ్మాయి ఇంకో ఫొటోగ్రాఫర్‌ని చూడదట."

"ఆదివారం తప్పకుండా వస్తానాంటీ!" అంది నిరుపమ. ఆ మాట వినడానికే అన్నట్టు గరాజ్ తలుపు దగ్గర అంకుల్ ప్రత్యక్షమయ్యారు.

"ఆదివారమా? పొద్దున వద్దని చెప్పమ్మాయ్. ఒంటిగంట దాకా చర్చి ఉంటుంది."

"నాకు చర్చి ఏంటంకుల్?"

"నీకు కాదు, నాకు. భోజనాలకి నేను రావద్దా?"