నీళ్ళు పడని బండి

నిన్న మధ్యాహ్నం వాన వెలిసి, పడమటి కొండల మీది మబ్బు మెల్లగా పైకి లేస్తున్న వేళ, మా మనుమరాలు మామిడితోపులో నుండి తన రిమోటు కారును రెండు చేతులా ఎత్తుకొని వచ్చి నా పడక కుర్చీ ముందు నిలిపింది. అది కారో, కుమ్మరి సారె మీద నుండి అప్పుడే దింపిన మట్టిముద్దో పోల్చుకోవడానికి నాకు కొంత వ్యవధి పట్టింది. లోపలి నుండి నా భార్య అలవాటు చొప్పున కట్టుగుడ్డ పేలిక ఒకటి పట్టుకొని తుడవడానికి రాగా, కూర్చున్న చోటి నుండే, ఈ వయసుకు తగని గొంతుతో, "ఆ తుణి మాత్రం వద్దు!" అని కేకవేశాను. మనుమరాలు ఉలిక్కిపడింది. నా భార్య మాత్రం పేలికను కొంగు చాటుకు తీసుకొని నవ్వింది. ఆ నవ్వు వెనుక ముప్పై ఏళ్ళకు పైబడిన కథ ఒకటి ఉన్నది.

అరవదేశపు రాజపాళయంలో పుట్టి పెరిగిన నా ఈడువారికి కట్టుగుడ్డ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పక్కనున్న సత్రపట్టి వీథులలో పగలంతా మరమగ్గాలు ఆడుతుంటాయి. ఆసుపత్రులకు పోయే ఆ పలుచని తెల్లని గుడ్డలో అంచు చెడినదీ, తునిగినదీ బంధువుల ఇళ్ళకు మూటలుగా చేరుతుంది. దానితోనే పాలు వడగడతాము, పెరుగు మూట కడతాము, ఊరగాయ జాడీ మూతికి బిగిస్తాము, దీపపు సెమ్మె తుడుస్తాము. గాయం కోసం పుట్టిన ఆ గుడ్డ మా ఇళ్ళలో గాయానికి తప్ప అన్నిటికీ పనికివచ్చేది. దాని నేత వదులు. కొంచెం లాగితే చాలు, నూలుపోగు చేతికి వస్తుంది. ఆ గుణమే ఒకనాడు మా ఇంటి శుభకార్యానికి అడ్డుపడబోయింది.

అప్పుడు మా చెల్లెలికి సంబంధం కుదురుతూ ఉన్నది. వరుడు మంసాపురం వైపు నూలుమిల్లులో విద్యుత్తు విభాగంలో పనిచేసేవాడు. మాకు దూరపు బంధువే. పెద్దలందరూ సరేనన్నారు గాని, మా చెల్లెలు అవునని గాని కాదని గాని అనలేదు. దానికి కారణం ఒక బొమ్మకారు. అతడు తన తల్లితో రెండవసారి మా ఇంటికి వచ్చిన రోజున, సింగపూరు నుండి తిరిగివచ్చిన స్నేహితుడు తెచ్చియిచ్చిన రిమోటు కారు అతని చేతిలో పెట్టెతో సహా ఉన్నది. చిన్ననాటి నుండి కోరుకున్నదట. అప్పుడు అయిదేళ్ళది అయిన మా అమ్మాయి దానిని చూసినది మొదలు విడువక ఏడవగా, అతడు పాపం, నిశ్చయతాంబూలం నాటికి తిరిగి తీసుకుంటానని దానిని మా ఇంట వదిలివెళ్ళాడు. వదిలేముందు మాత్రం గడపలో నిలుచుండి, నీళ్ళు తగలరాదు, ఎండలో ఉంచరాదు, ఆడిన తరువాత బ్యాటరీ తీసివేయవలెనని ఉపనయనపు వటువుకు నియమాలు చెప్పినట్లు చెప్పాడు. తలుపు చాటు నుండి అంతా విన్న మా చెల్లెలు ఆనాటి సాయంత్రం మల్లెలు కడుతూ నా భార్యతో అన్నదట: "బండి గురించి ఇంతసేపు మాట్లాడినాడు గదా వదినా, నన్ను చూసి ఒక్క మాటన్నా మాట్లాడినాడా? వస్తువుని ఇట్లా కాపాడే మనిషి, ఇంట్లో ఒక గిన్నె పగిలితే ఏమంటాడో!"

ఆ భయం ఊరక పుట్టినది కాదు. అతని తండ్రి కోపిష్ఠి అని మంసాపురంలో పేరు.

తాంబూలానికి ముందు వారంలో, దీపావళి నెల కదా, ఐప్పసి వానలు పట్టుకున్నాయి. మా అమ్మాయి ఎవరి కంటా పడకుండా కారును తోపులోకి నడిపించి, పాదులో నిలిచిన బురదలో దింపివేసింది. బయటికి తీసిన దానిని చుట్టుముట్టి మా ఇంటిల్లిపాదీ ఒక సభ తీర్చాము. మా నాయన సైకిలు గొలుసు కడిగే కిరసనాయిలు సీసా తెచ్చారు. మా అమ్మ కుంకుడుకాయల రసం పిసికి సిద్ధం చేసింది. నేనేమి చేశానని అడగకండి. ఇంట్లో మేము మాట్లాడే తెలుగు అరవంతో కలిసి వేరొక రుచికి తిరిగినది. తాతగారు అరుగు మీద కూర్చోబెట్టి నాకు పద్యాలతో నేర్పిన తెలుగు వేరు. ఆ రెండవదాని చలవ వలన నేను ఎంతటి సంధినైనా విడదీయగలను గాని, ఒక మరమేకు విడదీయలేను. ఆ వేళ సీసానూ, కుంకుడు రసాన్నీ రెండింటినీ పక్కకు జరిపినది మా చెల్లెలే. "నీళ్ళు తగలకూడదని ఆయన చెప్పలేదా? బురద ఆరనీండి" అని బ్యాటరీ తీసి, కారును నీడపట్టున వసారాలో పెట్టింది. నియమాలను పరిహసించిన మనిషికి నియమాలన్నీ కంఠస్థమై ఉన్నాయని నా భార్య నాకు కనుసైగ చేసింది.

మరునాటికి బురద పొడిగా ఆరింది. అంతవరకు క్షేమమే. అయితే మా అమ్మ మనసు ఊరుకోలేదు. ఎవరూ చూడని వేళ కట్టుగుడ్డ తీసుకొని, దీపపు సెమ్మెను తుడిచినంత శ్రద్ధగా చక్రాల సందులన్నీ తుడిచింది. పైన తళతళలాడింది. మా అమ్మాయి సంతోషంతో బ్యాటరీ వేసి మీట నొక్కింది. సందులో చిక్కుకున్న నూలుపోగును ఇరుసు ఒక్కసారిగా లాక్కొని, మిల్లులో కండెకు నూలు చుట్టుకున్నట్టు బిగియ చుట్టుకొని, ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. మా చెల్లెలు పరుగున వచ్చి బ్యాటరీ లాగివేయకుంటే లోపలి మోటారు కాలిపోయేదే.

తాంబూలం మరునాడు. మా నాయన చాలాసేపు ఆలోచించి, కారును పెట్టెలో పెట్టి దారంతో కట్టి, ఏమీ ఎరుగనట్టు అప్పగిద్దామన్నారు. కార్యం ముగిసిన తరువాత తెలిస్తే తెలియనీ అన్నారు. ఆయనకు ఎదురు మాట్లాడి ఎరుగని మా చెల్లెలు అప్పుడు పెదవి విప్పింది. "వద్దు నాయనా. మూసిపెట్టి ఇస్తే రేపటి నుండి ఆ ఇంట్లో నేను అన్నీ మూసిపెట్టే బతకల్ల. చెప్పేద్దాం. కోపం వచ్చేదిగా ఉంటే, తాంబూలానికి ముందే రానీ." మా నాయన దారపు ఉండను పక్కన పెట్టేశారు. ఆమె జవాబు దేనిమీద ఆధారపడి ఉన్నదో అప్పుడు మా అందరికీ తెలిసింది.

మరునాడు అతడు తల్లిదండ్రులతో వచ్చాడు. ఇంటి ముందరి కూడంలో కాఫీలు అందుతుండగానే మా అమ్మాయి ఎవరూ అడగకమునుపే కారును ఎత్తుకుపోయి అతని ఒడిలో పెట్టి, స్పష్టంగా విన్నవించుకున్నది: "బురద నాది. నూలు అవ్వది."

మా అమ్మ తల దించుకున్నది. తలుపు చాటున గాజుల చప్పుడు ఆగిపోయింది. అతడు కారును తిరగవేసి చూశాడు. "నీళ్ళు పోసినారా?" అని ఒక్కమాట అడిగాడు. పోయలేదని మా అమ్మాయి అడ్డంగా తల ఊపింది. అతడు ఒక నిట్టూర్పు విడిచి, ఇరుసు మీది తెల్లని చుట్టను గోటితో తడిమి, ఫక్కున నవ్వాడు. "ఇది మన ఊరి జబ్బు కదా అత్తా! మా అమ్మ కూడా తయ్యల్ మిషనుని ఈ తుణితోనే తుడిచి, దీపావళి రైక కుట్టనీకుండా చేసినాది. మా నాయన అరిచిన అరుపుకి పక్కవీథి కుక్క మొరిగినాది." పక్కనే ఉన్న అతని తల్లి, "చాల్లేరా, ఇప్పుడది ఎందుకు?" అని ముసిముసిగా నవ్వింది. కోపిష్ఠి అని పేరుపడ్డ ఆ పెద్దమనిషి కిటికీలో నుండి కొండలను చూడసాగాడు.

వరుడు తొణికిపోయే కాఫీ గ్లాసును పక్కకు జరిపి, పట్టుపంచె అంచు మడిచి నేల మీదనే కూర్చున్నాడు. మెత్తని కుంచె ఒకటి, వాడి పారేసిన పళ్ళ బ్రష్షు ఒకటి అడిగాడు. మరమేకులు తీసి పైడొప్ప వేరుచేశాడు. లోపలి తీగల మీది దుమ్మును కుంచెతో ఊదినంత మెల్లగా దులిపాడు. చక్రాల గళ్ళలోని మట్టిని బ్రష్షుతో రాల్చాడు. పైడొప్పను మాత్రం, జేబులో మడతపెట్టి ఉన్న కొత్త చేతిరుమాలును కొద్దిగా తడిపి తుడిచాడు. అయితే ఇరుసు దగ్గర అతని వేళ్ళు ఆగిపోయాయి. అవి మోటారులకు అలవాటుపడిన లావు వేళ్ళు. నూలు కొస దొరకలేదు.

అప్పుడు మా చెల్లెలు తలుపు చాటు నుండి వచ్చింది. "ఏమే, ఊరు నవ్వదా?" అని మా అమ్మ గొణుగుతున్నా వినిపించుకోక, అతనికి ఎదురుగా కూర్చుండి, జడలోని పిన్నుతో కొస వెదికి పట్టుకొని, "చక్రాన్ని వెనక్కి తిప్పండి. అంత వేగం వద్దు" అన్నది. అతడు తిప్పాడు. ఆమె లాగింది. నూలు విడివడుతూ వచ్చింది. తెల్లని పోగు ఆమె వేలికి చుట్టుకుంటూ ఉండగా, ఇరుపక్షాల పెద్దలమూ పంచాంగమూ తాంబూలమూ మరచి, ఆ చక్రాన్నే చూస్తూ కూర్చున్నాము. చివరన కుట్టుమిషను నూనె ఇరుసుకు ఒక చుక్క వేసి మీట నొక్కగా, కారు కూడం దాటి తాంబూలపు తట్ట దాకా పరుగెత్తి ఆగింది. లోపలికి వెళ్ళిన మా చెల్లెలిని ఏమంటావని మా అమ్మ అడిగితే, ఆమె చేతులు కడుక్కుంటూ, "తట్ట ఎందుకు అట్లానే పెట్టినారు? మార్చుకోండి" అన్నదట.

నిన్న నా కేక విని భయపడిన మనుమరాలికి ఈ కథ అంతా చెప్పి, నాలుగు వీథుల అవతల ఉన్న మా చెల్లెలి భర్తకు కబురు చేశాను. ఆయన నరసిన మీసంతో, చేత కుంచెతో, మా చెల్లెలు పిన్నుతో ఆనందంగా వచ్చారు. వారు వచ్చేసరికి మనుమరాలు కారును పెరటి కుళాయి కింద పెట్టి, ధారగా నీళ్ళు వదిలి, శుభ్రంగా కడిగేసి ఉన్నది. "ఇది వాటర్‌ప్రూఫు తాతా, నీళ్ళు పోస్తే ఏమీ కాదు" అన్నది. నడిపి చూపించింది, నడిచింది. "సరి పాప్పా, అయినా ఆరబెట్టల్ల, ఇరుసుకి నూనె వేయల్ల" అని ఆయన గొణుక్కుంటూ కుంచెను జేబులో పెట్టుకున్నారు. మా చెల్లెలు పిన్నును మళ్ళీ జడలో దోపుకొని, నా భార్య ఇచ్చిన కాఫీ అందుకున్నది.

ఇప్పటి వస్తువులు మేలైనవే, నేను కాదనను. ఇప్పటి పిల్లలు పెళ్ళికి ముందే మాట్లాడుకుంటారు; అదీ మేలే. తలుపు చాటున నిలబడి మనిషిని తూచవలసిన అగత్యం నా మనుమరాలికి రాదు. అయితే నిన్న సాయంత్రం మళ్ళీ పట్టిన తుంపరలో మా చెల్లెలూ ఆమె భర్తా ఒకే గొడుగు కింద వీథి మలుపు తిరుగుతుంటే చూస్తూ ఒకటి అనుకున్నాను. ఆనాటి కారు కూడా నీటికి ఓర్చేదై ఉంటే, మా అమ్మ ఒక చెంబెడు నీళ్ళు కుమ్మరించి, తుడిచి, పెట్టెలో పెట్టి అప్పగించేది. మా చెల్లెలికి కూడంలోకి రావలసిన పనే ఉండేది కాదు.