గోటి మీది అబద్ధం

నిన్న మా వీధిలో ఎవరో గేటుకు రంగు వేస్తున్నారు. ఆ ఎనామిల్ వాసన కిటికీలోంచి రాగానే చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ వాసన తగిలితే నాకు బాషన్న గుర్తొస్తాడు. ఆయన వెనకే సిగ్గూ వస్తుంది. నంద్యాలలో గోడల మీద రాతలు, దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు ఆయన. పదేళ్లకు పైగా ఆయన దగ్గర పనిచేశాను. వంకర పోకుండా అక్షరాన్ని నిలబెట్టడం నాకు నేర్పింది ఆయనే.

ఎన్నికలొస్తే మాకు చేతినిండా పని. ఒకసారి ఒక నాయకుడి పేరు, పక్కన పార్టీ గుర్తు ఊరంతా రాశాం. రంగు ఆరీ ఆరకముందే ఆయన పార్టీ మారాడు. ఆయన మనుషులొచ్చి, "పేరట్లే ఉండనీ బాషన్నా, గుర్తొక్కటి మార్చు" అన్నారు. గుర్తు మీద సున్నం కొట్టి కొత్తది వేశాం. నాకు ఒళ్లు మండింది. "అందరూ ఆ తాను ముక్కలే. ఈసారి నేను ఓటెయ్యనన్నా" అన్నాను.

బాషన్న కుంచె ఆపలేదు. "మంచోడు యాడుండాడప్పా? నేను మంచోన్ని ఎతకను. గెలిసినంక ఎవుని గడప కాడికి పోయి గట్టిగా అడిగితే తలుపేసుకోడో, వానికేస్తా."

"అట్లాంటోడు ఒక్కడూ లేకుంటే?"

"ఉండేటోళ్లలో తక్కువ భయపెట్టేటోనికేస్తా. ఓటే ఎయ్యకుంటే ఏ మొగం పెట్టుకోని అడిగేది?"

మా ఇద్దరి సొంతూరూ ఆళ్లగడ్డే; ఓట్లూ అక్కడే, ఒకే బడిలో. పోలింగు రోజు ఆయన పొద్దున్నే బస్సుకు బయల్దేరుతూ నన్నూ రమ్మన్నాడు. ఇంట్లో పనుంది, వెనక బస్సుకు వస్తానన్నాను. వెళ్లలేదు. మధ్యాహ్నం కడుపునిండా తిని పడుకున్నాను. లేచాక భయం పట్టుకుంది. పార్టీల మీద కోపం నిజమే గానీ, వెయ్యలేదని ఆయన మొహం మీద చెప్పే ధైర్యం లేకపోయింది. నీలం, ఎరుపు, కాస్త నలుపు కలిపి, సన్న కుంచెతో ఎడమ చూపుడువేలి గోటి మీద గీత గీసుకున్నాను. ఇద్దరు పిల్లల తండ్రిని, చేసిన పని అది. ఆయన నేర్పిన చెయ్యి కదా, చక్కగా కుదిరింది.

మరునాడు కొట్లో, "ఏసినావా అప్పా?" అని అడిగాడు.

"ఏసినానన్నా" అని వేలు చూపించాను.

ఆయన టర్పెంటైన్‌లో గుడ్డ ముంచి తన వేలి మీది సిరాను గట్టిగా రుద్దుకున్నాడు. అది పోలేదు. ఆ గుడ్డ నా చేతికిచ్చాడు. పట్టుకుని నిలబడ్డానే గానీ రుద్దుకోలేకపోయాను.

"తుడుసుకో. నిన్న నువ్వొస్తావని పోలింగు ముగిసేదాంక ఆ బడి గేటు కాడ్నే నిలబడుకోనింటి" అన్నాడు. మండుటెండలో, అరవై దాటిన మనిషి. "ఎయ్యలేదని చెప్పింటే నేనేమన్నా అంటానా? గోడల మీద రాసే అబద్ధాలు సాలవా మనకు?"

తిట్టినా బాగుండేది. అంత మాత్రమే అని పనిలో పడిపోయాడు.

తర్వాతి ఎన్నికలకు బాషన్న నన్ను పిలవకుండా ఒక్కడే బస్సెక్కాడు. నేను వెనక బస్సులో పోయి అదే వరుసలో ఆయనకు పదిమంది వెనక నిలబడ్డాను. ఎవరి గడప దగ్గర అడగగలనో బాగా ఆలోచించి వేశాను. బయట ఆయన నాకు టీ ఇప్పించాడు, వానల గురించి, రావాల్సిన పనుల గురించి మాట్లాడాడు. ఓటు ఊసు మాత్రం ఎత్తలేదు. బతికున్నన్నాళ్లూ ఎత్తలేదు.

ఆయన పోయాక కూడా ప్రతి ఎన్నికకూ ఆళ్లగడ్డ వెళ్తున్నాను. ఏ పార్టీ మీదా నమ్మకం లేదు. గడపలన్నీ మనసులో తిరిగి ఎవరో ఒకరికి వేసి వస్తాను. ఇంటికి రాగానే మా ఆవిడ, "ఏసినావా?" అని అడుగుతుంది. ఏసినానంటే, నా వేలు కూడా చూడకుండా నమ్ముతుంది. బాషన్న చేత ఆ మాట ఇంకొక్కసారి అడిగించుకోలేకపోయాను.