పైట చెంగు దించిన జైనబ్

పెదపాడు వీధి బడిలో అయిదో తరగతితో నా చదువు అయిపోయింది. ఆ చదువుతోనే ఏలూరులో తివాచీ మగ్గాలు పెట్టాను. నా షెడ్డులో నేసిన తివాచీకి మద్రాసు ప్రదర్శనలో మెడల్ వచ్చింది. పనివాళ్ళ పిల్లల కోసం షెడ్డు పక్కనే బడి కట్టించి, సర్కారు గ్రాంటు కూడా తెప్పించాను. ఈ బడిలో చదివిన జైనబ్ కథ ఇది. 1935 నాటి మాట.

జైనబ్ మా మేస్త్రీ దాదాపీర్ కూతురు. మాటలు బాగా వచ్చాక విషజ్వరం తగిలి చెవులు పోయాయి. నోట మాట మిగిలింది కాని, గొంతు మొద్దుబారింది. తండ్రి మొదట మగ్గం మీద కూర్చోబెట్టాడు. మా మగ్గాల దగ్గర మేస్త్రీ వెనక నిలబడి, ఏ ముడికి ఏ రంగో రాగం తీసి పిలుస్తాడు. నేసేవాళ్ళు తల తిప్పకుండా ముడి వేస్తారు. జైనబ్‌కు ఆ పిలుపు అందేది కాదు. ఎర్రపువ్వు రావలసిన చోట నీలిపువ్వు వచ్చింది. ఆమెను మగ్గం దింపి బడికి పంపాము.

బడిలో పంతులమ్మ సలోమి. కొల్లేటి గట్టు మీది ఊరు ఆమెది, మిషన్ వారు చదివించారు. జైనబ్‌ను ముందు వరసలో కూర్చోబెట్టుకొని నెమ్మదిగా, నోరు కనబడేలా పాఠం చెప్పేది. పెదవుల కదలికను బట్టి మాట పట్టుకోవడం పిల్లకు అలవాటయింది.

ఆ ఏడు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు పెదవి విరిచారు.

"చెవిటి పిల్లకి ఈ బడి ఎందుకండీ? మద్రాసు దాటి దక్షిణాన ఇలాంటివాళ్ళకి వేరే బడి ఉంది, పంపించండి. వచ్చే ఏడు తరగతితో పాటు జవాబు చెప్పకపోతే పేరు కొట్టేస్తాను."

"అంత దూరం పంపితే నా పిల్ల ఎవరితో మాట్లాడుతుందండీ?" అని తల్లి పర్వీన్ నా దగ్గర ఏడ్చింది. ఈ బడి పోతే ఆ పిల్లకు మిగిలేది ఇంటి మూలే.

మరుసటి ఏడు ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చోగానే సలోమి లేచి నిలబడి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్ద అధికారి ఎదుట ఆడవాళ్ళు అలా మాట్లాడటమే ఆమె ఎరిగిన మర్యాద. చెంగు చాటునుంచే ప్రశ్న అడిగింది.

"ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెం వెళితే, మధ్యలో వచ్చే ఊరొకటి చెప్పండర్రా?"

చేతులన్నీ లేచాయి. జైనబ్ ఒక్కతే కదలకుండా కూర్చుంది.

"చూశారాండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు నావైపు తిరిగి, కలం తీస్తూ.

జైనబ్ లేచింది. తిన్నగా పంతులమ్మ దగ్గరికి వెళ్ళి ఆ చెంగు పట్టుకొని కిందికి లాగేసింది. గుమ్మంలో నిలబడ్డ దాదాపీర్ "యా అల్లా!" అన్నాడు.

సలోమి ముఖం ఎర్రబడింది. అయినా చెంగు మళ్ళీ ఎత్తలేదు. ప్రశ్న మళ్ళీ అడిగింది.

"భీమడోలు!" అంది జైనబ్ మొద్దు గొంతుతో. "మా అమ్మమ్మ ఊరు!"

"సరే, ఈసారి నేనడుగుతాను" అని ఇన్‌స్పెక్టరు గారు ఏదో అడిగారు. జైనబ్ ఆయన ముఖంలోకి తేరిపార చూసి తల అడ్డంగా ఊపింది. ముందు వరసలోని షమీమ్ అనే పిల్ల ఊరుకోలేదు.

"మీ మీసాలు అడ్డమండీ! దానికి మీ నోరు కనబడటం లేదండి."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టరు గారు కాసేపు ఉగ్రంగా చూశారు. తరవాత రెండు వేళ్ళతో మీసం పైకెత్తి పట్టుకొని, "కొల్లేటిలో ఏముంటాయి?" అని అడిగారు.

"చేపలండీ. కొంగలు కూడానండీ!"

ఆయన కలం జేబులో పెట్టుకున్నారు. పేరు ఉండిపోయింది.

జైనబ్ ఆ బడిలోనే అయిదూ చదివి మగ్గానికి తిరిగి వచ్చింది. మా షెడ్డులో మేస్త్రీ ఇప్పుడు వెనక నిలబడడు. నేసేవాళ్ళు కూర్చునే బల్ల చివరకు వచ్చి, ఆ పిల్లకు ముఖం చూపిస్తూ రంగులు పిలుస్తాడు. ఈ పద్ధతి ఏలూరులో మొదట పెట్టింది నేనే. దాదాపీర్ మొదట్లో సణిగాడు, మగ్గం వైపూ పిల్ల వైపూ తల తిప్పీ తిప్పీ మెడ నొప్పి పుడుతోందని.