గీకి వదిలిన మడ్‌గార్డు

పాత ట్రాక్టర్లకు రంగులు వేసే అన్న బుధవారం పొద్దున పోయాడు. ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "నాయన పోయినాడు చిన్నాయనా. నువ్వొచ్చి ప్రార్థన చెయ్యాల. ఇంకోటి, షెడ్డులో ఒక మడ్‌గార్డు గీకి వదిలేసినాడు. ఆస్పత్రికి పోతా కూడా దాని మాటే ఎత్తినాడు."

తనకల్లు రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు మీలో కొందరు చూసే ఉంటారు. ఆయన ఏ ప్రార్థనకూ వచ్చేవాడు కాదు. భార్యాకూతుళ్ళు వచ్చేవాళ్ళు. నేను శెనక్కాయ సేద్యం చేసుకుంటూ, సంచిలో బైబిలు గ్రంథం పెట్టుకుని ఊరూరా వాక్యం చెప్పేవాణ్ణి. నా గొంతుకు చాలామంది బెదురుతారు. ఆయన బెదరలేదు.

ఎండాకాలం మా ట్రాక్టరుతో నీళ్ళ ట్యాంకరు తోలుతాను. నీళ్ళు కారీ కారీ మడ్‌గార్డులు తుప్పు పట్టాయి.

"పైన రెండు పూతలు రంగు లాగెయ్ అన్నా, వారంలో బండి కావాల" అన్నాను.

"తుప్పు మీద రంగేస్తే అది లోపల తింటానే ఉంటాది. మనుషులకు నువ్వు చెప్పేది అదే గదప్పా. ఇనుముకు వద్దా?"

పైకి తెల్లగా, లోపల కుళ్ళుగా ఉండే సున్నం కొట్టిన సమాధుల గురించి నేను ముందటి ఆదివారమే అరిచి ఉన్నాను. బండి తాళం తీసి ఆయన చేతిలో పెట్టాను.

వైరు బ్రష్షుతో పొర రాల్చి, గరుకు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, థిన్నరు గుడ్డతో తుడిచేవాడు. గుడ్డను వెలుగుకు పెట్టి చూసేవాడు. మరక ఉంటే మళ్ళీ మొదలు. తేటగా వస్తేనే, రంగు కింద మొదట పూసే రెడ్ ఆక్సైడు ప్రైమరు డబ్బా మూత తీసేవాడు. గీకిన ఇనుముకు పొద్దుగూకేలోగా ఆ ప్రైమరు పడాలి. మంచు తగిలితే చేసిందంతా వృథా. తుడిచాక వేలు కూడా తగలనిచ్చేవాడు కాదు.

ఆయన ఒక మడ్‌గార్డు తుడిచి టీకి పోయినప్పుడు నేను దాని మీద అరచేయి ఆనించి, ఈ బండి ఏ ఇంటికీ నీళ్ళు తప్పించకూడదని గట్టిగా ప్రార్థించాను. జబ్బుమనిషి నుదుటి మీదైనా, కొత్త బోరు మీదైనా చెయ్యి పెట్టడం మాకు అలవాటు. ఆయనకు చెప్పలేదు.

రెండు నెలలకు అక్కడ రంగు బుడగలెత్తింది. అచ్చంగా అరచేయి, ఐదు వేళ్ళ ఆకారం. బండిని మళ్ళీ షెడ్డుకు తోలుకుపోయాను.

"ఎవురప్పా ఈ బండిని ఆశీర్వదించిండేది?"

"నేనే అన్నా."

"చెమట చెయ్యి. దేవుడు యిన్నాడో లేదో గానీ, ఇనుము మాత్రం బాగా యినింది."

అంతమేరా గీకి, తుడిచి, బ్రష్షు చేతిలో పట్టుకుని ఆగాడు. "ఊఁ, చెయ్యప్పా నీ ప్రార్థన. చేతులు ఎనక్కి కట్టుకో." నేను ఆమెన్ అనేదాకా అలాగే నిలబడి, అప్పుడు బ్రష్షు ముంచాడు. నమ్మనివాడు ఒకడు నా ప్రార్థన కోసం పని ఆపి నిలబడటం అదే మొదలు.

బుధవారం సాయంత్రం మట్టి చేసే చోట నేను కొద్దిగానే మాట్లాడాను. తర్వాత ఆయన కూతురూ నేనూ షెడ్డుకు వెళ్ళాం. అక్కడ ఉన్నది నల్లమాడ రైతు ట్రాక్టరు. ఒక మడ్‌గార్డు ఎర్రగా ప్రైమరుతో ఉంది. రెండోది గీకుతూనే మంగళవారం ఆయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఒక్క రాత్రికే దాని మీద పల్చగా గోధుమరంగు పొర. ఇంకో రాత్రి వదిలితే ఆయన చివరి పని దక్కదు.

గరుకు కాగితం తీసుకున్నాను. మూడు గుడ్డలు మారాయి. నాలుగోది వెలుగుకు పెట్టి చూశాం. తేటగా ఉంది. పొద్దు ఇంకా రేకుల మీదే ఉంది.

నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆ పిల్ల డబ్బా మూత తీసి, బ్రష్షు పట్టుకుని, నేను ఆమెన్ అనేదాకా వాళ్ళ నాయన లాగే నిలబడింది.