సహనమూర్తి కాదు మా మేడమ్

మా మార్కెటింగ్ మేడమ్ పోయారు. కబురు కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా దండాలు, పువ్వులు, "సహనమూర్తి", "అమ్మలాంటి మేడమ్", "ఎప్పుడూ చిరునవ్వే" అన్న మాటలు. చదువుతుంటే ఒళ్లు మండింది. మేడమ్‌కి సహనం లేదు. చిరునవ్వు అసలే లేదు. మాట్లాడుతుంటే అడ్డొచ్చిన వాడి మీదికి చాక్‌పీసు విసిరేవారు. అదే మగాయన అయితే "భలే స్ట్రిక్టు సార్" అని చెప్పుకునేవాళ్లం. ఆడమనిషి కాబట్టి పోగానే అమ్మను చేసేశారు.

మా ఎంబీఏ కాలేజీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపు పైన ఉండేది. అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. బంద్ అనగానే క్లాసులుండవని మేం సంబరపడేలోపే మేడమ్ ఫోన్ చేసి రమ్మనేవారు. షాపుల వాళ్లు షట్టర్ సగం దించుకుని లోపల కూర్చునేవారు. "బంద్ నాడే వాళ్లకు తీరిక. పోయి మాట్లాడుండ్రి," అనేవారు మేడమ్. ప్రాజెక్టు కింద మేం అమ్మాల్సిన గుడ్డ సంచుల శాంపిళ్లు చేతికిచ్చి, ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని జత చేసి పంపేవారు. అబ్బాయి నోరు తెరవకూడదు, విని రాసుకోవాలి. ఆర్డరు అడగాల్సింది అమ్మాయే.

మొదటిసారి నేను పోచంపల్లి చీరలమ్మే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన చెప్పిందంతా విని, తలూపి, నమస్కారం పెట్టి బయటికొచ్చాను. ఆర్డరు సంగతే ఎత్తలేదు. రోడ్డు మీద కాచుకుని ఉన్న మేడమ్ ఆర్డరేదని అడిగారు.

"నాకు ఓపిక ఎక్కువ మేడమ్," అన్నాను, అదేదో గొప్పయినట్టు.

మేడమ్ రోడ్డు మీదే అరిచారు. "ఓపిక కాదే అది! చిన్నప్పటి సంది ఊకుండుమన్నరు, ఊకున్నవ్. దానికి వాళ్లు పెట్టిన పేరు ఓపిక. మల్ల లోపటికి పో. అడుగు."

నా జతలో ఉన్న అబ్బాయి నవ్వాడు. వాడికీ చీవాట్లు పడ్డాయి. "నీకేం వచ్చని నవ్వుతున్నవ్? గొంతు పెద్దగుంది, గంతే. జర ఇనుడు నేర్చుకో."

మళ్లీ వెళ్లి అడిగాను. "గిది ముందుగాలనే అడగొచ్చు గద బిడ్డా," అని పెద్దాయన ఆర్డరిచ్చాడు. ఆ రోజే నాకు తెలిసింది, నాకు కావలసింది ఫీల్డ్ సేల్స్ ఉద్యోగమని.

చదువు పూర్తయ్యే ముందు కాలేజీకి ఒక కంపెనీ వచ్చింది. నాతో తిరిగిన అబ్బాయిని ఫీల్డ్‌కి తీసుకుని, నన్ను ఫ్రంట్ ఆఫీసుకు రాసుకున్నారు. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని నేరుగా వాళ్ల గదిలోకి వెళ్లారు.

"గొడవల రోజులండీ, ఆడపిల్లల్ని మార్కెట్‌లోకి ఎలా పంపిస్తాం? పైగా ఈ అమ్మాయి చక్కగా మాట్లాడుతుంది," అన్నాడు ఇంటర్వ్యూకొచ్చిన కోస్తా ఆయన.

"మాట్లాడొస్తే అమ్మమనాలె గాని, కూసోమంటరా? బంద్‌ల దుకాన్లు బందయితే అందరికీ బందే. మగపిల్లగాడు పోతే షట్టర్లు లేస్తయా?"

ఆయన నవ్వి నీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. అంతే, ఏమీ మారలేదు. బయటికొచ్చాక మేడమ్ మెట్ల మీద కూలబడి, "ఎన్నేండ్లు చెప్పాల్నే వీళ్లకు!" అన్నారు.

ఆ ఉద్యోగంలో నేను చేరలేదు. మేడమ్ ఎల్‌బీ నగర్‌లో తనకు తెలిసిన ఒక టీ పొడి డిస్ట్రిబ్యూటరును సతాయించి, నాకు సేల్స్ పని ఇచ్చేలా ఒప్పించారు. పెద్ద అంబర్‌పేట్ దాకా కిరాణా షాపులన్నీ స్కూటీ మీద తిరిగాను. ఈ రోజు ఏ మార్కెట్‌లో అడుగుపెట్టినా భయం లేదంటే అది మేడమ్ పెట్టిన భిక్ష. ఇప్పుడు ఒక కంపెనీకి జిల్లాల సేల్స్ చూస్తున్నాను.

మొన్న కాలేజీలో సంతాప సభ పెట్టారు. నాలుగు మాటలు చెబుతానన్నాను. "మీరు పూలు, దీపం చూసుకోండి మేడమ్. మాట్లాడేందుకు సార్‌వాళ్లు ఉన్నారు," అన్నాడు అన్నీ చూసుకుంటున్న లెక్చరర్. నేను వినలేదు, మైకు అడిగి తీసుకున్నాను. మేడమ్‌కి ఓపిక లేదని, అందుకే నేనిలా ఉన్నానని చెప్పాను.

బయటికొస్తుంటే గుమ్మం దగ్గర మార్కెటింగ్ చదివే ఒకమ్మాయి పట్టుచీర కట్టుకుని పూలపళ్లెంతో నిలబడి ఉంది. ఆమె క్లాసు అబ్బాయిలు లోపల కుర్చీల్లో ఉన్నారు. "పళ్లెం కింద పెట్టి, పోయి కూర్చో తల్లీ," అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. "పర్లేదు మేడమ్, నాకు ఓపికుంది," అని, పళ్లెం రెండు చేతులా ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.