గుమ్మం బయట బూటు

వెనక నుంచి ఎవరో మడమ మీద గట్టిగా తన్నారనుకున్నాను. తిట్టడానికి నోరు తెరిచి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. కాలు కింద పెడితే నేల అందలేదు. మలేషియాలో, వయసు మళ్లినవాళ్లకి పెట్టే పరుగు పోటీల్లో, రెండు వందల మీటర్ల పందెంలో మలుపు తిరుగుతుండగా నా కుడికాలి అకిలిస్ టెండన్ తెగిపోయింది. పిక్కని మడమకి కట్టి ఉంచే తాడు అది.

నాకు నలభై ఏడేళ్లు. శ్రీకాకుళం దగ్గర హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. పిల్లల చేత పరిగెత్తించడం నా ఉద్యోగం. నేను పరిగెత్తడం మాత్రం మా ఇంట్లో అందరికీ వేళాకోళం.

ఎంత త్వరగా కుడితే అంత మంచిదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి ఫోన్ చేశాను. మా ఆయన స్పీకర్లో పెట్టారు. అవతల ఆయన అక్కగారు, అంటే మా వదిన, ఆవిడ భర్త, ఇంకెవరో.

"వచ్చీమను. మనకాడ డాక్టర్లు నేరేటి?"

"ఈ వయసులో లగెత్తడమేటి, ఇడ్డూరం కాపోతే!"

అందరూ మాట్లాడుకుని సాయంత్రం చెబుతామన్నారు. కాలు వాచి గుమ్మడికాయలా తయారైంది. వాళ్లు మాట్లాడుకుంటున్నారు. డాక్టరమ్మ కాగితాలు పట్టుకొచ్చింది. మా ఆయన సంతకం కూడా కావాలా అని అడిగాను. చదువుకున్నదాన్ని, నలుగురికి పాఠం చెప్పేదాన్ని, అలా అడిగాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

"కాలు మీదే కదా?" అందావిడ. తర్వాత, "మళ్లీ పరిగెత్తాలని ఉందా?" అని అడిగింది.

ఫోన్లో అంతమంది మాట్లాడారు. ఆ మాట ఒక్కరూ అడగలేదు. ఉందన్నాను. సంతకం పెట్టేశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మోకాలి కిందిదాకా నల్లటి ప్లాస్టిక్ బూటు తొడిగారు. మడమ ఎత్తుగా, వేళ్లు కిందికి ఉండేలా లోపల మడమ కింద రబ్బరు ముక్కలు పెట్టారు. "రెండు కొసలూ కలిపి కుట్టాను. అతుక్కునే లోపు సాగిందంటే తెగకపోవచ్చు, కానీ పొడుగైపోతుంది. అప్పుడు నడుస్తారు, పరిగెత్తలేరు. నేను చెప్పేదాకా బూటు లేకుండా ఆ కాలు మోపొద్దు," అంది డాక్టరమ్మ. రెండుసార్లు చెప్పింది. నా చేత తిరిగి చెప్పించుకుంది.

చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాను. ఆపరేషన్ అయిన అయిదో వారంలో విజయనగరంలో మా వదిన గృహప్రవేశం. రానన్నాను. "నువ్వు రాకపోతే మా అక్క ఏటనుకుంతాది?" అన్నారు మా ఆయన. ఆవిడ ఏమనుకుంటుందో అన్న భయం మా ఇంట్లో నా పెళ్లికి ముందు నుంచీ ఉంది. బూటుని డెట్టాల్‌తో తుడిచాను. అడుగున కొత్త గుడ్డ చుట్టాను. చంకల్లో కర్రలతో బయల్దేరాను.

ముందు ఆవుని లోపలికి తోలారు. వీధిలో నాలుగు సందులు తొక్కి వచ్చిన గిట్టలు. కొత్త టైల్స్ మీద పేడ వేసింది. శుభం, శుభం అన్నారందరూ. ఆవుని తీస్తూ వీడియో అతను బూట్లతోనే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ హాలంతా తిరిగాడు. అతన్ని ఒక్కరూ ఆపలేదు. తర్వాత నేను గుమ్మం దగ్గరికి వచ్చాను.

"ఓలమ్మా, బూటుతోనే వచ్చీస్తావేటే? ఇప్పీ," అంది వదిన.

"ఇది బూటు కాదు వదినా, కట్టు. డాక్టరమ్మ తియ్యొద్దంది."

"కట్టయితే తెల్లగుంతాది. కాలికేసుకుని నడిస్తే అది సెప్పే. లోపల దేవుడు పటాలున్నాయి."

అయితే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నాను. అదీ కుదరదట. పిలిచిన మనిషిని గుమ్మం బయట కూర్చోబెట్టారని ఊరంతా అనుకుంటారట. లోపలికి రానివ్వరు, బయట ఉండనివ్వరు. వెనక పాతికమంది చెప్పులు విప్పి, నా గురించి ఆగి ఉన్నారు.

"రెండు నిమిషాలేనే. గుమ్మం దాటి కుర్సీలో కూకోగానే మళ్లీ తొడిగీస్తాను," అంటూ మా ఆయన పట్టుపంచెతోనే కింద కూర్చుని పట్టీలు లాగారు. పెళ్లిలో మెట్టెలు తొడగడానికి నా కాలు పట్టుకున్నాక మళ్లీ పట్టుకోవడం అదే. ఎంతో జాగ్రత్తగా విప్పారు. ఆయన చెడ్డమనిషైతే నాకింత కోపం ఉండేది కాదు.

నేను ఊరుకున్నాను. పరాయి దేశంలో ఒక్కదాన్నే సంతకం పెట్టినదాన్ని, ఆ గుమ్మం ముందు నోరు మూసుకున్నాను. నా కోపంలో సగం నా మీదే.

గడప కడిగిన పసుపునీళ్లు టైల్స్ మీద ఇంకా ఆరలేదు. కర్ర జారింది. కుడికాలు బల్లపరుపుగా నేల మీద పడింది, నా బరువంతా దాని మీదే. ఈసారి తన్నినట్టు లేదు, చప్పుడూ లేదు. మడమ పైన ఏదో మెల్లగా లాగినట్టై వేడెక్కింది. నలుగురు పట్టుకున్నారు.

"సూసినావా? ఏటీ అవనేదు," అంది వదిన.

మా ఆయన అన్నట్టే మళ్లీ బూటు తొడిగారు. అది అప్పటిదాకా గుమ్మం బయట చెప్పుల మధ్య నిలబడి ఉంది.

ఏడు నెలల తర్వాత శ్రీకాకుళంలో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాం. ఒంటికాలి మునివేళ్ల మీద లేవమన్నాడు. ఎడంకాలి మీద సులువుగా లేచాను. కుడికాలి మడమ నేలని వదల్లేదు. పిక్క వణికింది, చెమట పట్టింది, మడమ మాత్రం లేవలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. అతను వేళ్లతో నొక్కి చూశాడు.

"అతుక్కుంది గానీ సాగిపోయింది మేడమ్. ఇంక పరుగు కష్టం. మధ్యలో ఎప్పుడైనా బూటు తీసి నిలబడ్డారా?"

"నేదండీ," అన్నారు పక్కనున్న మా ఆయన. "డాక్టరమ్మ సెప్పింది సెప్పినట్టు సేసింది. నేనే దగ్గరుండి సూసుకున్నాను."

ఆయన మొహంలోకి చూశాను. అబద్ధం ఆడుతున్న మొహం కాదు. నాకు బాగా తెలిసిన మొహం అది.

"తీశాను," అన్నాను ఫిజియోతో. "రెండు నిమిషాలు."

మా ఆయన ఆశ్చర్యంగా నా వైపు తిరిగారు.

"ఎప్పుడే?" అన్నారు.